వంటింటి గడప: ఒక్కరికి సరిపడే మట్టి టీ పిడత



పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో ఈ వారం రాద్దామని కూర్చున్నాను. ఇంతలో రాజోలు వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చేతికొచ్చింది. ఆవ మాట తరవాత చూసుకోవచ్చు, ముందు ఈవిడకి జవాబు చెప్పాలనిపించింది.

ఉత్తరం సారాంశం ఇదీ. వాళ్ళమ్మాయి సింగపూర్లో ఉంటోంది. ఈమధ్య వచ్చినప్పుడు తల్లికి ఒక ఎర్రమట్టి టీ కెటిల్ తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేటంత. చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతల్లోంచి తీసినట్టుందిట. లోపలా బయటా నున్నటి పూత లేదు, ఉత్త మట్టే. "మా ఇంట్లో నలుగురం టీ తాగుతాం. ఇందులో నిండా పోస్తే ఒక్క గ్లాసు వస్తుంది. పొయ్యి మీద పెట్టొచ్చో లేదో తెలీదు. ఒకసారి పాలు పోసి టీ కలిపితే రెండో రోజుకి పులిసిన వాసన. సబ్బు పెట్టి తోమితే టీ అంతా సబ్బు కంపు. ఒక్క మనిషి కోసం టీ కాచుకునే కెటిల్ కూడా ఉంటుందా అని మా అత్తగారు నవ్వుతున్నారు. పారెయ్యమంటారా, షోకేసులో పెట్టుకోమంటారా?" అని అడిగారు.

రెండూ వద్దండీ! అది వాడుకోవలసిన వస్తువు. ఎలా వాడాలో తెలియాలంటే ముందు పూత లేని మట్టి గుణం తెలియాలి. అది మనకి తెలియనిదేం కాదు, టీ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం, అంతే.

మన ఇళ్ళల్లో చూడండి. ఆవకాయకి జాడీ కావాలి, మంచినీళ్ళకి కూజా కావాలి. రెండూ మట్టివే గదా, కూజాలో ఆవకాయ ఎందుకు పెట్టం? జాడీకి లోపల మెరిసే పూత ఉంది చూశారూ, అది గాజు లాంటిదే. బట్టీ వేడికి కరిగి మట్టి రంధ్రాలన్నీ మూసేస్తుంది. ఉప్పూ కారం నూనే అందులోంచి బయటికి పోవు. కూజాకి ఆ పూత ఉండదు. నీళ్ళు సన్నగా ఊరి, పై గోడ మీద ఆరుతూ, లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతాయి. అందుకే ఎండాకాలం చల్లగా ఉంటాయి. పూత లేని మట్టి పీలుస్తుంది. నీళ్ళే కాదు, పాలు, నూనె, పులుపు, వాసన అన్నీ పీలుస్తుంది. పీల్చినదాన్ని తొందరగా వదలదు.

అందుకేగా మనవాళ్ళు పెరుగు కుండ వేరు, పులుసు దాక వేరు అన్నారు! పెరుగు తోడుపెట్టే కుండలో తోడు వాసన మిగిలి ఉండటం మనకి మంచిదే. పైగా మట్టి కాస్త నీరు పీల్చుకుంటుంది కాబట్టి పెరుగు గడ్డగా తోడుకుంటుంది. వానాకాలంలో గోదారికి ఎర్రనీరొచ్చి పులస పడిందంటే, పులుసు మట్టి దాకలోనే పెట్టాలంటారు మావైపు. ఆ దాక ఆ పనికి తప్ప ఇంకోదానికి పనికిరాదు. అందులో పప్పు వండి చూడండి, ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకుంటారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివే ఉంటారు. ఆ రేకులు తీసేదీ బోర్లించిన కుండ మీదే. కింద మంట, పైన పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క దులుపు. కొత్త కుండ వెంటనే రేకు వదలదు, నూనె రాసి, కాచి, దాన్ని పనికి అలవాటు చేసుకోవాలి. ఒకసారి అలవాటు పడిన కుండని ఆ ఇంటి ఆడవాళ్ళు ఎవరికీ ఎరువివ్వరు.

మీ సింగపూర్ కెటిల్ కూడా ఆ జాతిదే. పొట్టిది గాబట్టి మనకి బొమ్మలా కనిపిస్తోంది.

ఈ రకం కెటిల్ పుట్టిల్లు చైనాలో జియాంగ్‌సు రాష్ట్రంలోని ఇషింగ్ అనే ఊరు, తైహూ అనే పెద్ద సరస్సు పడమటి ఒడ్డు దగ్గర. అక్కడి మట్టిని జిషా అంటారు, అంటే ఊదారంగు ఇసుక అని. ఊదా ఒక్కటే కాదు, ఎరుపు, లేత పసుపు రంగుల్లోనూ దొరుకుతుంది. మన కుమ్మరిసారె మీద తిప్పినట్టు తిప్పరు దీన్ని. మట్టిని చెక్క సుత్తితో అప్పచ్చిలా పలచగా కొట్టి, కోసి, చుట్టి, అతుకులు కనపడకుండా చేత్తోనే కలుపుతారు. 16వ శతాబ్దం మొదట్లో ఒక పండితుడి ఇంట్లో పనిచేసే గోంగ్ చున్ అనే కుర్రాడు మొదటి మంచి కెటిల్ చేశాడని అక్కడ చెప్పుకుంటారు. యజమానికి టీ అందించే కుర్రాడన్నమాట. పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకే గిన్నె సుఖం తెలుస్తుంది మరి!

మొదట్లో కెటిళ్ళు పెద్దవే. పోనుపోను చిన్నవయ్యాయి. పెద్ద కెటిల్లో టీ నిలవుండి చేదెక్కుతుంది, కమ్మదనం పోతుంది. చిన్నదైతే ఎప్పటికప్పుడు తాజా. ఫూజియన్‌లోనూ, గ్వాంగ్‌డాంగ్‌లోని చావోజౌ వైపునూ, ఇలాంటి పిడతలో మూడోవంతుకో సగానికో ఆకు వేసి, వేణ్ణీళ్ళు పోసి, నిమిషం లోపలే వంచేసుకుంటారు. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంపు, ఆరేడుసార్లు. కప్పులా అవి, మన దీపారాధన ప్రమిదకంటే కాస్త పెద్దవి. జపాన్‌లో టోకోనామే అనే ఊరివాళ్ళు కూడా పూత లేని ఎర్రమట్టి కెటిళ్ళు చేస్తారు. వాటికి పిడి పక్కకి, మన పెనం కాడలాగ ఉంటుంది.

17వ శతాబ్దంలో టీ ఆకుతో పాటు ఈ పిడతలూ డచ్చివాళ్ళ ఓడలెక్కి ఐరోపా చేరాయి. టీ ఆకు అప్పుడు బంగారంలా చూసుకునే సరుకు, కాబట్టి చిన్న కెటిలే వాళ్ళకీ నచ్చింది. హాలండులో, ఇంగ్లండులో, జర్మనీలో ఎర్రమట్టితో నకళ్ళు చేశారు. ఆ డచ్చివాళ్ళే మన పాలకొల్లులో, ద్రాక్షారామంలో గిడ్డంగులు పెట్టుకున్నారు. మన దగ్గర వాళ్ళు కొన్నది నేతబట్టలు. టీ పిడత మాత్రం మన గుమ్మం ఎక్కలేదు.

అన్నట్టు, ఇషింగ్‌లో ఈ పనిలో ఆడవాళ్ళకి మంచి పేరుంది. జియాంగ్ రోంగ్ అని ఒకావిడ, 1919లో పుట్టి 2008లో పోయారు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని, తామరపువ్వు, తామరాకు, కాయలు, గింజలు, ఇలా ప్రకృతిలో కనిపించినవన్నీ కెటిళ్ళుగా మలిచారు. ఆవిడ చేసిన ఒక తామర కెటిల్ మూత మీద చిన్న కప్ప కూర్చుని ఉంటుంది, దాన్నే పట్టుకుని మూత తియ్యాలి. ఆవిడ తోటివాడే గూ జింగ్‌జౌ. ఆయన చేసిన ఒక కెటిల్ 2010లో వేలంలో కోటి యువాన్ల పైన పలికింది. కంగారు పడకండి, మీ అమ్మాయి తెచ్చింది అది కాదు!

ఇక వాడకం. మొట్టమొదటి మాట, దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు. పేరు కెటిలే గానీ ఇది నీళ్ళు కాచే గిన్నె కాదు, ఆకు నానబెట్టే గిన్నె. నీళ్ళు వేరే గిన్నెలో మరిగించుకోవాలి. గ్యాసు మంట అడుగున ఒక్కచోటే తగిలితే టప్పున చిట్లుతుంది. చల్లటి కెటిల్లో ఒక్కసారిగా సలసలా మరిగే నీళ్ళు పోసినా, ముఖ్యంగా మాఘమాసం పొద్దుటిపూట, అదే ప్రమాదం. ముందు గోరువెచ్చటి నీళ్ళు, తరవాత వేణ్ణీళ్ళు పోసి తిప్పి పారబోసి, కెటిల్ వెచ్చబడ్డాక ఆకు వెయ్యండి.

రెండోది, ఆకు. మనం రోజూ వాడే పొడి గుండ్రటి గుళికల్లా ఉంటుంది చూడండి, దాన్ని సీటీసీ అంటారు. ఆకుని నలిపి, చీల్చి, చుట్టే యంత్రం 1930 ప్రాంతంలో అస్సాంలో వచ్చింది. పాలు, పంచదార, అల్లం పోసి మరిగించడానికి అది భేషైన పొడి. చటుక్కున రంగు దిగుతుంది, పాలని తట్టుకుంటుంది. కానీ ఈ పిడతలో వేసి పాలు లేకుండా తాగితే నాలిక పీక్కుపోతుంది. పైగా కొమ్ములో అడ్డుపడుతుంది. దీనికి నిండాకు కావాలి. డార్జిలింగ్, నీలగిరి, అస్సాం నిండాకు పెద్ద కొట్లల్లో దొరుకుతోంది, 100 గ్రాముల పొట్లం కొనుక్కుంటే చాలు. ఒక్కరి పిడతకి, అంటే 150 మిల్లీలీటర్లకి, సుమారు మూడు గ్రాములు, ఒక చెంచాన్నర. నల్ల టీ అయితే మరిగే నీళ్ళు పోసి రెండు మూడు నిమిషాలు. పచ్చాకు టీ అయితే మరిగిన నీళ్ళు కాస్త ఆరనిచ్చి, 80 డిగ్రీల దగ్గర పొయ్యాలి, లేకపోతే చేదు. చివరి బొట్టు దాకా గ్లాసులోకి వంచెయ్యండి. మిగిల్చారో, రెండో విడతలో ఆకు చేదెక్కుతుంది. అదే ఆకుకి రెండో నీళ్ళు, మంచి ఆకైతే మూడో నీళ్ళు కూడా బాగానే వస్తాయి. డబ్బు లెక్కన చూసినా అంత ఖరీదేం కాదన్నమాట.

పాలు కావాలా? కావాలనే అంటారు, నాకు తెలుసు. పాలు గ్లాసులో పోసుకుని, అందులోకి టీ వంచుకోండి. పిడతలో మాత్రం పాలు పడకూడదు. పాలు రంధ్రాల్లోకి పోయి విరుగుతాయి, ఆ వాసనే మీకు రెండో రోజు వచ్చింది. సబ్బు సంగతీ అంతే. మట్టి సబ్బుని తాగేసి, వేడి తగిలినప్పుడల్లా కాస్త కాస్త కక్కుతుంది. చింతపండు, బూడిద, పీచు, ఏదీ వద్దు. ఉత్త వేణ్ణీళ్ళతో కడిగి, మూత తీసి, బోర్లించి ఆరబెట్టడమే.

ఆ ఉత్తరం రాసిన సోదరికి ఇలా చెయ్యమని చెబుతున్నాను. ఒక గిన్నెలో అడుగున పాత నూలుగుడ్డ పరిచి, పిడతనీ మూతనీ విడివిడిగా పెట్టి, మునిగేట్టు చన్నీళ్ళు పోసి, సన్నసెగ మీద మెల్లగా కాగనివ్వండి. అరగంట తరవాత దింపి, ఆ నీళ్ళలోనే చల్లారనిచ్చి, పారబొయ్యండి. అలా రెండు మూడుసార్లు చేసి, చివరిసారి నీళ్ళలో గుప్పెడు టీ ఆకు వెయ్యండి. రెండు రోజులు ఎండలో పెట్టండి. పాల వాసన, సబ్బు వాసన చాలామటుకు పోతాయి. ఇంకా మిగిలితే మరోసారి.

ఒక పిడతకి ఒకే రకం ఆకు అనేది ఇషింగ్ పద్ధతి. నల్ల టీ వాడేదాంట్లో మల్లెపూల వాసన టీ వెయ్యరు. ఏళ్ళ తరబడి వాడిన కెటిల్లో ఉత్త వేణ్ణీళ్ళు పోసినా టీ రుచి వస్తుందని అక్కడివాళ్ళు చెబుతారుట. అంత మాట నేను నమ్మను. కాస్త వాసన రావచ్చు, అంతే. కానీ పై గోడ రోజూ తడిసి తుడిచి, తడిసి తుడిచి, పాత ఇంటి గడప లాగ ఒక నిగారింపు తేరుతుంది. అది మాత్రం కళ్ళారా చూశాను.

ఎక్కడ చూశావంటారా? నేనొకటి మా ఊళ్ళోనే చేయించుకున్నాను.

మా కొత్తపేట వైపు దీపావళి ప్రమిదలూ, పెళ్ళిళ్ళకి అరివేణి కుండలూ చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. "బాబాయ్, కొమ్ముచెంబు చూశావు కదా, దాన్ని పిడతంత చేసి, మూతా పిడీ పెట్టగలవా?" అని అడిగాను. "ఆయ్, పెట్టొచ్చండమ్మాయిగారూ. కొమ్మే పేచీ అండి" అన్నాడు. అన్నట్టే మొదటిదానికి కొమ్ము ఆరుతూ ఆరుతూ ఊడొచ్చింది. సారె మీద తిప్పిన కుండ ఒక తడిలో, చేత్తో చేసిన కొమ్ము ఇంకో తడిలో ఉంటే, ఆరేటప్పుడు ఒకటి ముందు బిగుసుకుని రెండోదాన్ని లాగేస్తుందిట. రెండోది ఆవంలోంచి క్షేమంగా వచ్చింది గానీ మూత పట్టలేదు. కుండ ఒకనాడు, మూత నాలుగురోజులకి చేశాడు. మట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ కుదించుకుపోతుంది కదా, రెండూ రెండు రకాలుగా కుదించుకున్నాయి. "మూతా కుండా కవలపిల్లలండి, ఒక్క పూటే పుట్టాలి" అని ఆయనే అని, మూడోదానికి ఒకే ముద్దలోంచి, ఒకే పూట రెండూ చేసి, మూత దాని నెత్తినే పెట్టి కాల్చాడు. చక్కగా కూర్చుంది. ఇషింగ్‌లో కూడా మూత పెట్టే కాలుస్తారని తరవాత తెలిసి ఆయనకి చెబితే, "మట్టి ఎక్కడైనా మట్టేనండి" అన్నాడు.

అయితే తేడా ఒకటుంది, చెప్పాలి. మన ఊరి ఆవంలో గడ్డి, పుల్లలు, కొబ్బరి మట్టలు పెట్టి కాలిస్తే వేడి 700 నుంచి 900 డిగ్రీలు ఉంటుంది. ఇషింగ్ బట్టీలో 1100 పైమాటే. అందుకని వాళ్ళ మట్టి గట్టిపడి, కంచులా ఖంగుమంటుంది, నీళ్ళు చెమర్చదు. మనది కూజా మట్టి, చెమరుస్తుంది. మొదటిరోజు నా పిడత కింద పెట్టిన పళ్ళెం తడిసింది. దీనికి మందు మన అమ్మమ్మలకి తెలిసిందే, గంజి. ఒక రాత్రంతా పిడతని నీళ్ళలో నానబెట్టి, మర్నాడు చిక్కటి గంజి నిండా పోసి, నీళ్ళగిన్నెలో కూర్చోబెట్టి సన్నసెగన కాచి, అలాగే పూర్తిగా చల్లారనివ్వాలి. గంజి రంధ్రాల్లోకి పోయి బిగుసుకుంటుంది. నేను మూడుసార్లు చేశాను, చెమర్చడం ఆగింది. జపాన్‌లో కొత్త మట్టికుండకి అన్నపు జావ కాస్తారుట, ఇదే కారణం. ఇషింగ్ కెటిల్‌కి మాత్రం గంజి అవసరం లేదు, అనవసరంగా పొయ్యకండి.

నా పిడతలో టీకి మొదటి వారం కాస్త మట్టివాసన ఉండేది. నాకది ఇష్టమే, తొలకరి వాసన లాంటిదే కదా. మావారికి నచ్చలేదు. ఆయన్ని తాగమనీ అనలేదు!

కొట్లోనో తీర్థంలోనో కొనుక్కునేవాళ్ళు ఇవి చూసుకోండి. కొమ్ము చివర మూత అంచుతో సమానమైన ఎత్తులో ఉండాలి, కిందికి ఉంటే నిండా పోసినప్పుడు కొమ్ములోంచి కారిపోతుంది. మూత మీద చిన్న బెజ్జం ఉండాలి. నీళ్ళు పోసి వంచుతూ ఆ బెజ్జం వేలితో మూస్తే ధార ఆగిపోవాలి, అప్పుడు మూత బాగా బిగిసిందన్నమాట. కొమ్ము మొదట్లో లోపల జల్లెడలా బెజ్జాలుంటే ఆకు అడ్డుపడదు. తెల్లగుడ్డ తడిపి లోపలా బయటా రుద్దండి. రంగు అంటితే వద్దు. వేణ్ణీళ్ళు పోసి వాసన చూడండి. రంగు, వార్నిషు వాసనొస్తే ఎంత చవకైనా, ఎంత మెరిసినా వద్దు. మెరుపు కోసం ఏవేవో పూసి అమ్మేవి వస్తున్నాయి. మనం తాగే దాంట్లో రంగు దిగడమెందుకు?

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఒక్కరి కోసం టీ కెటిలా అని నవ్వారన్నారు. నవ్వనివ్వండి, కానీ మీరొకటి ఆలోచించండి. సింగపూర్లో అంత కొట్లో పెద్ద కెటిళ్ళు లేకపోయాయా? మీ అమ్మాయి వెదికి వెదికి ఒక్క మనిషికి సరిపడేదే ఎందుకు కొన్నది? ఆ పిల్ల మీ ఇంట్లో ఇరవయ్యేళ్ళు పెరిగింది. పొద్దున్నే మీరు ఎవరెవరికి ఎలా కలిపారో చూసింది. ఒకరికి పంచదార తక్కువ, ఒకరికి డికాషను ఎక్కువ, ఒకరికి కాఫీ, వీధిలోకొచ్చిన పెద్దమనిషికి మళ్ళీ ఒకటి. మీ గ్లాసు గట్టు మీద మీగడ కట్టి చల్లారిపోవడం, పదింటికి దాన్ని మళ్ళీ వెచ్చబెట్టుకుని నిలబడే తాగెయ్యడం కూడా చూసింది. వెచ్చబెట్టిన టీ ఎలా ఉంటుందో మనకి తెలుసు, చేదు, వగరు. "టీ ఎలా ఉందమ్మా" అని మనల్ని ఎవరడిగారు గనక!

ఈ పిడతతో ఆ పప్పులుడకవు. నీళ్ళు పోశాక మూడు నిమిషాల్లో వంచెయ్యాలి, లేకపోతే పాడవుతుంది. అందుకని మీరక్కడ ఉండాలి. ఒక్క గ్లాసే వస్తుంది గనక ఎవరికీ సగం పొయ్యలేరు. అందరికీ ఇచ్చాక, పదింటికో మూడింటికో, పీట వేసుకుని కూర్చుని తాగండి. ఇంట్లోవాళ్ళకి రెండు రోజులు వింతగా ఉంటుంది, మూడోరోజు నుంచి అలవాటైపోతుంది. మా ఇంట్లో ఏమైందో చెప్పనా? మా అత్తగారు డెబ్భై దాటిన మనిషి. నాలుగు రోజులు ఊరికే చూశారు. అయిదో రోజు, "ఆ మూత పట్టనిది అటకెక్కించావుటగా, ఇలా తే" అన్నారు. ఇప్పుడు దాని మీద చిన్న స్టీలు పళ్ళెం మూతేసి, తన శొంఠి నీళ్ళు అందులోనే నానబెట్టుకుంటున్నారు. నన్ను ముట్టనివ్వరు.

వేళ గురించి ఒక్క మాట. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానుకోండి. టీలో ఉండే టానిన్లు మనం తిన్న తోటకూరలోని, పప్పులోని ఇనుముని వంటికి పట్టనివ్వవు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో, భోజనానికి గంట ముందూ గంట తరవాతా టీ కాఫీలు వద్దన్నారు. అందుకే పదిన్నర, మూడున్నర మంచి వేళలు. పంచదార లేకుండా తాగితే మరీ మంచిది. నిండాకు టీకి నాలుగు రోజుల్లో అలవాటు పడతారు.

టీ అసలు పడనివాళ్ళు పెరట్లో నిమ్మగడ్డి, తులసి, అల్లంముక్క వేసుకోవచ్చు, కానీ ఆ పిడత ఇక దానికే. రైళ్ళలో మట్టి గ్లాసుల్లో టీ ఇవ్వాలని 2004లో లాలూ ప్రసాద్ గారు రైల్వే మంత్రిగా ఉండగా పెట్టారు, గుర్తుందా? ఆ గ్లాసు తాగి పగలగొట్టడానికే. పూత లేని గ్లాసు పదిమంది నోళ్ళకి పనికిరాదు గదా. పిడత అలా కాదు. ఒకే మనిషి, ఒకే ఆకు, ఏళ్ళ తరబడి.

మన కోనసీమలో దీనికి పెద్ద శత్రువు వాన. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలి తడితడిగానే ఉంటుంది. నానిన ఆకు పిడతలో రాత్రంతా వదిలేసినా, తడి ఆరకముందే మూత పెట్టినా లోపల తెల్లగా బూజు పడుతుంది. అలా పడితే వేణ్ణీళ్ళతో కడిగి, పైన చెప్పినట్టు నీళ్ళలో కాచి, ఎండ కనపడ్డప్పుడు బాగా ఎండబెట్టండి. ఎండ లేకపోతే అన్నం వండాక పొయ్యి గట్టు మీద, మంటకి దూరంగా, బోర్లించి పెట్టినా చాలు. పోపు ఘాటు, చేపల పులుసు ఆవిరి తగిలే చోట మాత్రం పెట్టకండి, అన్నీ పీల్చేస్తుంది. దేవుడి గూటి పక్కన అలమర మంచి చోటు.

వెంట్రుక పగులు కనిపించి, నీళ్ళు ఊరుతూంటే ఇక టీకి వాడొద్దు. అలాగని చెత్తలో పారెయ్యనక్కర్లేదు. నా కొమ్ము ఊడిన మొదటిది పెరటి గోడ మీద ఉంది. కొమ్ము పోయిన బెజ్జంలోంచి నీళ్ళు బాగానే పోతున్నాయి. పుదీనా కాడ గుచ్చాను, వేళ్ళు పట్టింది.